సాఫ్ట్‌వేరు వివరణ గ్రంథములు – సులభ సంకేత లేఖనము



మన గ్రంథాలయమున పుస్తకముల రాకపోకలను లెక్కించుటకు పూర్వ విద్యార్థులు కొందఱు ఒక చిన్న కంప్యూటరు ప్రోగ్రామును తయారుచేసి యిచ్చిన సంగతి మీలో పెక్కుమంది యెఱుగుదురు. దానిని వాడు విధమును తెలుపుచు రెండు పుటల వివరణ పత్రమును నేను వ్రాసితిని. సాధారణమైన పనులను నల్లని యక్షరములతోను, ప్రమాదము గల పనులను ఎఱ్ఱని యక్షరములతోను టైపుచేసి, పైభాగమున "ఎఱ్ఱని యక్షరములలో నున్న పనులను ఉపాధ్యాయుడు దగ్గఱ లేనిదే చేయరాదు" అని యొక వాక్యము చేర్చితిని. మిక్కిలి జాగ్రత్తపడితి ననుకొంటిని.

కొంతకాలమునకు ఆ పత్రము చినిగిపోగా, కార్యాలయమందలి ముద్రణ యంత్రముతో మఱియొక ప్రతి తీసి బల్లపై నంటించిరి. ఆ యంత్రమున నున్నది నల్లసిరా యొక్కటే. క్రొత్త ప్రతిలో ఎఱ్ఱని యక్షరములును నల్లని యక్షరములును ఒకే రంగున నుండెను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఆ పత్రమును ముందుంచుకొని, వ్రాసినది వ్రాసినట్లు ఒక్కొక్క పనియే చేయుచు ఏడవ పని వఱకు వచ్చినది. ఆ యేడవ పని "పాత పద్దుల తొలగింపు". దానిని గూడ చేసినది. మూడు మాసముల పద్దులు పోయినవి. పుస్తకముల వెనుక నంటించిన తేదీ చీటీలను చూచి మూడు వారములు శ్రమపడి పద్దులను మరల ఎక్కించితిమి. అయినను కొన్ని దొరకనే లేదు.

ఆ బాలిక ఏడ్చినది గాని, ఆమె తప్పేమియు లేదు. ఆమె చదివి, చదివినట్లు చేసినది. తప్పు నాది. చెప్పవలసిన అర్థమును మాటలలో నుంచక రంగులో నుంచితిని. రంగు పోగానే అర్థమును పోయినది. ఈ తప్పు మరల జరుగకుండ నేను నేర్చుకొన్న విద్యనే నేడు మీకు పాఠముగా చెప్పుచున్నాను.

1. సంకేత లేఖన మననేమి?

పూర్వము అచ్చుకూటములందు గ్రంథకర్త వ్రాతప్రతి వచ్చినపుడు, సంపాదకుడు దాని యంచులయందు "ఇది శీర్షిక", "ఇది పెద్ద టైపు", "ఇది వాలు టైపు" అని గుర్తులు పెట్టి కంపోజిటరునకు పంపుచుండెడివాడు. ఆ గుర్తులు చదువరికి కనబడవు. అవి అచ్చుకూర్చువానికి ఆజ్ఞలు. ఇట్లు గుర్తులు పెట్టుటయే ఆంగ్లమున మార్కప్ అనబడినది. దానినే ఇచ్చట సంకేత లేఖన మనుచున్నాను.

కంప్యూటరులు వచ్చిన పిమ్మట ఈ పద్ధతి వానికిని సంక్రమించినది. 1969లో ఐబీఎమ్ సంస్థయందు చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అను మువ్వురు జీఎమ్‌ఎల్ అను సంకేత భాషను కల్పించిరి. దాని సంతతియైన ఎస్‌జీఎమ్‌ఎల్ 1986లో అంతర్జాతీయ ప్రమాణ మాయెను. వీని మూలసూత్ర మొక్కటే: వ్రాయువాడు "ఇది శీర్షిక", "ఇది పట్టిక" అని వస్తువు యొక్క స్వభావమును మాత్రము చెప్పవలెను. ఆ శీర్షిక ఎంత పెద్దదిగా, ఏ రంగున కనబడవలెనో వేఱొకచోట, వేఱొకప్పుడు నిర్ణయింపవచ్చును. నా యెఱ్ఱ యక్షరముల పత్రము ఈ సూత్రమునకు సరిగా విరుద్ధమైనదని మీరు గ్రహించియుందురు.

అయితే ఈ భాషల గుర్తులు బరువైనవి. టిమ్ బెర్నర్స్-లీ కల్పించిన హెచ్‌టీఎమ్‌ఎల్ భాషను చూడుడు. శీర్షికకు ముందొక గుర్తు, వెనుక నొక గుర్తు. పేరాకు ముందొకటి, వెనుక నొకటి. పట్టికకు వెలుపల నొక జత, లోపల ప్రతి యంశమునకు నొక జత. యంత్రమున కిది సుకరమే. మనుష్యుడు ఆ ప్రతిని నేరుగా చదువబోయిన, వడ్లగింజలకంటె ఊకయే హెచ్చుగా కన్పట్టును.

2. సులభ సంకేతముల పుట్టుక

కంప్యూటరు ద్వారా ఉత్తరములు వ్రాసికొను వారికి తొలినాళ్లలో పెద్ద టైపుగాని వాలు టైపుగాని లేకుండెను. అయినను వారు ఊరకుండలేదు. ఒక మాటను నొక్కి చెప్పవలసినపుడు దానికి ఇరుప్రక్కల నక్షత్రపు గుర్తు లుంచిరి. శీర్షిక క్రింద గీతలు గీసిరి. ఎదుటివాని మాటలను తిరిగి చెప్పునపుడు వరుస మొదట > అను గుర్తు నుంచిరి. ఎవరును శాసింపకయే ఈ యాచారము లేర్పడినవి. లక్ష్యమును బట్టి లక్షణమని మన వైయాకరణులు చెప్పుదురు గదా! ఇచ్చటను ముందు వాడుక పుట్టి, పిమ్మట సూత్రములు వచ్చినవి.

2004లో జాన్ గ్రూబర్ అను అమెరికా రచయిత ఈ వాడుకను క్రమపఱచి మార్క్‌డౌన్ అను పద్ధతిని ప్రకటించెను. దీనిని రూపొందించుటలో ఆయనకు తోడ్పడిన ఆరన్ స్వార్ట్జ్ 1986 నవంబరులో జన్మించినవాడు. అనగా 2004 మొదట అతనికి పదునేడేండ్లే. మీ వయస్సునకు దగ్గఱివాడే యని గమనింపుడు. గ్రూబర్ కోరిన దేమన, మార్క్‌డౌనులో వ్రాసిన ప్రతి యంత్రము తాకకముందే, ఉన్నది ఉన్నట్లు చదువుటకు ఇంపుగా నుండవలెను.

ఇంచుమించు అదే కాలమున, పైథాన్ భాషలో ప్రోగ్రాములు వ్రాయువారి కొఱకు డేవిడ్ గుడ్జర్ రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అను పద్ధతిని రచించెను. 2008లో గియోర్గ్ బ్రాండల్ స్ఫింక్స్ అను సాధనమును వెలువరింపగా, పైథాన్ భాష యొక్క వివరణ గ్రంథమంతయు ఆ పద్ధతిలోనికి వచ్చినది. 2016 మొదలు లినక్స్ కెర్నెల్ గ్రంథములును స్ఫింక్స్ దారినే పట్టినవి. కావున ఇది పిల్లల యాట కాదు. లోకమున పెద్ద పనులు దీనితో జరుగుచున్నవి.

3. మార్క్‌డౌన్ ప్రథమ పాఠము

ఈ క్రింది ప్రతిని చూడుడు.

    # పుస్తకము ఇచ్చు విధము

    పుస్తకమును ఇచ్చుటకు ముందు సభ్యుని సంఖ్యను చూడుము.

    1. ప్రోగ్రామును తెఱువుము.
    2. సభ్యుని సంఖ్యను టైపుచేయుము.
    3. `ఇచ్చుట` అను మీటను నొక్కుము.

గుర్తుల సంగతి తెలియనివాడును దీనిని చదువగలడు. ఇక సూత్రములు.

శీర్షిక: వరుస మొదట # గుర్తుంచి, ఒక ఖాళీ విడిచి, శీర్షికను వ్రాయవలెను. ఒక్క గుర్తు ప్రధాన శీర్షికకు, రెండు ఉపశీర్షికకు. ఇట్లు ఆఱు మెట్ల వఱకు పోవచ్చును. ఆఱింటిని వాడవలసిన యవసరము వచ్చినదన్న, మీ గ్రంథవిభజనయే సరిగా లేదని తెలిసికొనుడు.

పేరా: రెండు పేరాలనడుమ ఒక వరుస ఖాళీగా విడువవలెను. ఖాళీ లేనిచో, వేఱువేఱు వరుసలలో వ్రాసినవి కలిసిపోయి ఒక్క పేరా యగును. పద్యము వ్రాయువారు ఇచ్చట జాగ్రత్తపడవలెను. నాలుగు పాదములను నాలుగు వరుసలలో వ్రాసినను, అచ్చులో అవి వచనమువలె ఒకదాని వెంబడి నొకటి పడును. పాదమునకు పాదము విడివడవలెనన్న, వరుస చివర రెండు ఖాళీలు గాని \ అను వాలుగీత గాని యుంచవలెను.

నొక్కి చెప్పుట: మాటకు ఇరుప్రక్కల ఒక్కొక్క నక్షత్రముంచిన వాలు టైపు, రెండేసి యుంచిన లావు టైపు. అయితే ప్రతి వాక్యమున రెండేసి లావు మాటలుంచిన, ఏ మాటయు ముఖ్యమైనదిగా కన్పట్టదు. అందఱును అందల మెక్కువారే యైన మోయువా రెవ్వరు?

పట్టిక: క్రమము ముఖ్యమైనచోట సంఖ్య, చుక్క, ఖాళీ వ్రాసి అంశమును వ్రాయుడు. క్రమము లేనిచోట సంఖ్యకు బదులు - గుర్తు చాలును. ఒక యంశమునకు చేరిన రెండవ పేరా ఉన్నచో, దానిని ఆ యంశపు మొదటి యక్షరమునకు సమముగా లోనికి జరిపి వ్రాయవలెను. జరుపక విడిచిన పట్టిక అచ్చట తెగిపోవును. మఱియొక చిక్కు కలదు. "2004. ఆ సంవత్సరమున" అని పేరాను మొదలుపెట్టిన, మార్క్‌డౌన్ దానిని 2004వ అంశముతో ఆరంభమగు పట్టికగా భావించును. అట్టిచోట చుక్కకు ముందు \ ఉంచినయెడల, అది వట్టి చుక్కగానే నిలుచును.

ఆజ్ఞలు: కంప్యూటరునకు టైపుచేయవలసిన మాటలకు ఇరుప్రక్కల ` అను గుర్తు నుంచవలెను. పెక్కు వరుసలైనచో, వానికి పైన ఒక వరుసలో మూడు, క్రింద ఒక వరుసలో మూడు ఇట్టి గుర్తు లుంచవలెను. ఈ గుర్తుల మధ్యనున్న దానిలో నక్షత్రములున్నను మఱేమున్నను, ఉన్నది ఉన్నట్లే వచ్చును. ఇది చాల ముఖ్యము. సాధారణ వ్రాత సాధనములు తమంతట తామే నిటారు కొటేషను గుర్తులను వంకర గుర్తులుగాను, రెండు చిన్నగీతల నొక పెద్దగీతగాను మార్చుచుండును. చూపున కది అందమే. కాని చదువరి ఆ యాజ్ఞను నకలు చేసికొని కంప్యూటరున కిచ్చిన, అది "నా కర్థము కాలే" దనును. ఆజ్ఞలో ఒక చుక్క మాఱినను ఆజ్ఞ మాఱినట్లే.

4. తెలుగు వ్రాయువారికి ప్రత్యేక సూచనలు

ఈ పద్ధతులు ఆంగ్లము వ్రాయువారిచే కల్పింపబడినవి. ఆంగ్లమున మాటకు మాటకు నడుమ ఖాళీ యుండును. మన భాషలో విభక్తి ప్రత్యయములు మాటకు అంటియుండును. "గ్రంథములో" అనుచు "గ్రంథము" వఱకే లావు టైపున నుంచవలెనన్న నేమి చేయవలెను?

    **గ్రంథము**లో

అని వ్రాసిన మార్క్‌డౌనులో సరిపోవును. అందు నక్షత్రమునకు బదులు _ అను అడుగుగీతను గూడ వాడవచ్చును గాని, మన ప్రత్యయములకు అది పనికిరాదు. ప్రోగ్రాములలోని పేర్ల నడుమ అడుగుగీతలు తఱచుగా నుండును గనుక, మాట మధ్యనున్న అడుగుగీతను నేటి మార్క్‌డౌన్ గుర్తుగా నెంచదు. కాబట్టి తెలుగు వ్రాయునపుడు నక్షత్రమునే వాడుడు.

రీస్ట్రక్చర్డ్‌టెక్స్టులో నియమ మింకను కఠినము. ముగింపు నక్షత్రముల పిమ్మట ఖాళీ గాని విరామ చిహ్నము గాని యుండితీరవలెను. అందుచే మనము

    **గ్రంథము**\ లో

అని వ్రాయవలెను. ఆ వాలుగీతయు దాని వెనుకనున్న ఖాళీయు అచ్చులో మాయమై, "లో" మాట నంటుకొనును.

ఆ పద్ధతిలోనే శీర్షిక క్రింద గీత గీయవలెను. గీత శీర్షికకంటె కుఱుచయైన, యంత్రము హెచ్చరించును. ఆంగ్లమున అక్షరముల లెక్క సులభము. తెలుగున "స్త్రీ" అను అక్షరమును మనము ఒక్కటిగా చూచెదము. యూనికోడ్ పద్ధతిలో నిల్వచేయునపుడు అందు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారపు గుడి అని ఆఱు సంకేతములుండును. కంటి లెక్కకును యంత్రపు లెక్కకును పొత్తు కుదురదు. అందుచే శీర్షికకంటె గీతను ధారాళముగా పొడిగించుట మేలు. గీత పొడుగైన దోషము లేదు.

    పాత పద్దుల తొలగింపు
    ==========================

5. గ్రంథము ప్రోగ్రాముతో గూడ పెరుగవలెను

ఇంత చిన్న గుర్తులకై ఇంత శ్రమ యేల యని మీరడుగవచ్చును. సాఫ్ట్‌వేరు నిత్యము మాఱుచుండును. నిన్న "ఇచ్చుట" అని యున్న మీట నేడు "జారీ" యగును. వివరణ గ్రంథము మాత్రము పాతదిగా నుండిపోయిన, అది లేకుండుటకంటె హానికరము. ఏలయన చదువరి దానిని నమ్మును.

మార్క్‌డౌన్ ప్రతి వట్టి అక్షరముల ఫైలు. ప్రోగ్రాము ఉన్న సంచికలోనే దానిని గూడ ఉంచవచ్చును. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ వంటి సాధనములు, ఏ వరుసను ఎవరు ఏనాడు మార్చిరో చూపగలవు. ప్రోగ్రాములో మీట పేరు మార్చినవాడు, అదే సమయమున గ్రంథములోని వరుసను గూడ మార్చినాడో లేదో పెద్దలు పరీక్షింపవచ్చును. ఒక్క ప్రతినుండి అచ్చుపుస్తకమును, తెరపై చదువు పుటలను గూడ తీయవచ్చును. అట్లు మార్చు సాధనములలో పాండాక్ పేరుగాంచినది. దానిని 2006లో వెలువరించిన జాన్ మెక్‌ఫార్లేన్ తత్త్వశాస్త్రాచార్యుడు! విద్యకు తరగతి గోడలు అడ్డము కావనుటకు ఇది మంచి నిదర్శనము.

ఒక లోపమును గూడ చెప్పవలెను. గ్రూబర్ తన సూత్రములలో కొన్ని సందిగ్ధములను విడిచెను. వేఱువేఱు సాధనములు వానిని వేఱువేఱుగా అర్థము చేసికొనెను. ఈ చిక్కు తీర్చుటకే 2014లో మెక్‌ఫార్లేన్ మొదలగువారు కామన్‌మార్క్ అను నిర్దిష్ట లక్షణ గ్రంథమును ప్రకటించిరి. అయినను మీ ప్రతిని ఏ సాధనము చదువునో దానిలో ఒకసారి సరిచూచికొననిదే పని ముగిసినదని తలపకుడు.

6. దిద్దిన పత్రము

ఇక నా పాత పత్రము సంగతి. పద్దులు పోగొట్టుకొన్న ఆ బాలికయు నేనును కలిసి దానిని మార్క్‌డౌనులో తిరిగి వ్రాసితిమి. ఏడవ పనిని పట్టికనుండి తీసివేసి, దానికి వేఱుగా నొక భాగమిచ్చితిమి.

    ## పాత పద్దుల తొలగింపు

    > జాగ్రత్త: ఈ పని చేసిన పిదప పద్దులు తిరిగి రావు.
    > ఉపాధ్యాయుడు దగ్గఱ లేనిదే దీనిని మొదలుపెట్టరాదు.

    1. మొదట పద్దులకు నకలు తీయుము.
    2. నకలును తెఱచి, కడపటి తేదీ సరిగా నున్నదో లేదో చూడుము.
    3. అటుపిమ్మట `తొలగించు` అను మీటను నొక్కుము.

రంగు పోయినను, టైపు మాఱినను, కడకు ఒకడు బిగ్గరగా చదువగా వేఱొకడు వినినను, ఇందలి జాగ్రత్త పోదు. కన్ను కనబడనివారికి కంప్యూటరే చదివి వినిపించినను అది నిలుచును. హెచ్చరిక పనికి ముందే యున్నదని గమనింపుడు. "నకలు తీయుము" అను మాటను ఆ బాలికయే చేర్చినది. నా మొదటి పత్రమున అది లేనే లేదు! గుర్తు లెంత చక్కనివైనను, చెప్పవలసిన మాటను అవి తెచ్చి పెట్టవు. అది వ్రాయువాని శ్రద్ధవలననే రావలెను.

పిమ్మట ఆ ప్రోగ్రామును ఎన్నడును చూడని ఏడవ తరగతి బాలునికి ఆ పత్రమిచ్చి, మేమిద్దఱము మౌనముగా ప్రక్కన నిలిచితిమి. అతడు తొలగింపు భాగమునొద్దకు రాగానే చేయి వెనుకకు తీసి, "అయ్యా, మీరు దగ్గఱకు రావలెనట" అనెను. అంతకంటె మంచి పరీక్షాఫలితమును నేనెన్నడును ఎఱుగను.

అభ్యాసములు

1. మీ యింట నున్న ఏదేని యొక యంత్రమును వాడు విధమును అయిదు మెట్లలో మార్క్‌డౌనులో వ్రాయుడు. ప్రమాదము గల మెట్టునకు ముందు హెచ్చరిక నుంచుడు.

2. అదే ప్రతిని రీస్ట్రక్చర్డ్‌టెక్స్టులోనికి మార్చుడు. విభక్తులంటిన లావు మాటలను పరీక్షింపుడు.

3. మీరు వ్రాసినదానిని మీ తల్లికో తాతకో ఇచ్చి, నోరు మెదపక, వారు చేయుటను చూడుడు. వారు ఆగినచోటనెల్ల తప్పు మీదేయని యెంచి దిద్దుకొనుడు.

వివరణ గ్రంథము వ్రాయువాడు తన చదువరి ముఖము నెఱుగడు. ఆ చదువరి సందేహము వచ్చినపుడు ప్రశ్నించుటకు మనము ప్రక్కన నుండము. అట్టివానికి మనము చేయగల సహాయ మెల్ల ఆ పుటపై నున్న మాటలే. వానిని రంగులకును అలంకారములకును అప్పగింపక, స్పష్టముగా, క్రమముగా, ప్రమాదమునకు ముందే చెప్పుట పొరుగువానియెడల మన విధి. ఈ కొలది గుర్తులు ఆ విధికి సాధనములు. వీనిని నేర్చుటకు ఒక దినము చాలును. వానివెనుక నుండవలసిన శ్రద్ధను మాత్రము దినదినమును అభ్యసింపవలెను.